వంటింటి నేల ఒక చారిత్రక ఆధారం: సంగం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల నేపథ్యంలో పరిశీలన

ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా పశ్చిమభాగపు చరిత్ర అనగానే 1514లో శ్రీకృష్ణదేవరాయలు వశపరచుకున్న ఉదయగిరి దుర్గం, 19వ శతాబ్దం చివరి పాదంలో సంగం వద్ద పెన్నపై నిర్మించిన ఆనకట్ట చర్చకు వస్తాయి. శాసనాలు, కైఫీయతులు, రెవెన్యూ దస్త్రాలు వీటికి ఆధారాలు. స్త్రీల నిత్యశ్రమకు అటువంటి లిఖితాధారాలు తక్కువ. ఆ లోటును కొంతవరకు తీర్చగలిగినది పాత ఇంటి వంటింటి నేల. ఇల్లు బాగుచేయించే సందర్భంలో తొలి గునపపు దెబ్బ పడేది తరచుగా ఆ నేలమీదే. అది మారుతూ వచ్చిన క్రమాన్ని, ఆ మార్పులో చెరిగిపోతున్న సమాచారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. అలికిన నేల:

మట్టిని తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికిన నేల తొలి దశ. పొయ్యి వేడికి బీటలు వారిన చోట గుప్పెడు మట్టి మెత్తి మళ్లీ అలికితే సరిపోయేది. పనిముట్టు చేయి, సరుకు పెరటిలోనిది. అయితే ఆ చౌకదనానికి మూల్యం స్త్రీ శ్రమ. పొయ్యి, రోలు, కత్తిపీట అన్నీ నేలమట్టానివే కావడంతో వంట ఆసాంతం కూర్చుని, వంగి చేసే పనిగా ఉండేది. స్తోమత ఉన్నవారు గానుగ సున్నంతో గచ్చు చేయించుకునేవారు. సున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలపడం దక్షిణదేశపు నిర్మాణాలలో ప్రసిద్ధమైన పద్ధతి.

2. కడప బండ:

వెలిగొండలకు పడమట ఉన్న కడప ప్రాంతపు పలకల సున్నపురాయి రెండవ దశకు మూలం. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రచురించిన విలియం కింగ్ గ్రంథం ఆ శిలాశ్రేణులను వివరించింది. పొరలు పొరలుగా విడివడడం ఈ రాతి స్వభావం. అందువల్ల దీనిని నేలకు పరచడం సులభం. నీళ్లు పోసి కడిగే నేల వచ్చాక అలుకు తగ్గింది. వాటం ఇచ్చి నీటిని తూముకు మళ్లించడం అవసరమైంది. అయితే సున్నపురాయి పులుపుకు ఓర్వదు. చింతపండు రసం, నిమ్మరసం పడి నిలిచిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. పొయ్యికీ రోలుకూ మధ్య ఉన్న అటువంటి మచ్చలు, అరిగిన చోట్లు పని ఎక్కడ జరిగిందో తెలిపే గుర్తులు. ఇసుక, సున్నంపై పరచిన బండను జాగ్రత్తగా లేపితే మరొకచోట మళ్లీ వాడుకోవచ్చు.

3. సిమెంటు, గ్యాసు:

1914లో పోర్‌బందర్‌లో సిమెంటు ఉత్పత్తి మొదలైనప్పటికీ అది సామాన్యుల ఇళ్లకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. సిమెంటుపై ప్రభుత్వ నియంత్రణ 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగింది. ఎర్రరంగు కలిపి నునుపు తేల్చిన సిమెంటు గచ్చు, ఆ తరువాత టైల్స్ వ్యాపించాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం గ్యాసు పొయ్యిని పేద ఇళ్లకు చేర్చింది. పొయ్యి గట్టెక్కింది, వంట నిలబడి చేసే పనిగా మారింది. ఆ గట్టుకు పరచిన రాయి అనేక ఇళ్లలో కడప బండే. నేలమీది రాయి నడుము ఎత్తుకు చేరడం వంటింటి చరిత్రలో గమనించదగిన మలుపు.

ఈ మార్పును కేవలం నష్టంగా భావించరాదు. అలుకు భారం, వంగి చేసే చాకిరి తగ్గడం స్త్రీలకు మేలే. కాని మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడల నడుమ సిమెంటు నేల వేస్తే, నేలలోని చెమ్మ పైకి ఆరే దారి మూసుకుపోయి గోడల వైపు మళ్లవచ్చు. గోడల అడుగున ఉప్పు పూయడం, పూత రాలడం దాని లక్షణాలు. పాత నేలపైనే టైల్స్ పరిస్తే మట్టం పెరిగి గడప ఎత్తు తగ్గుతుంది, నీటి వాటం తప్పుతుంది.

4. జనగణన పరిమితి:

2001, 2011 జనగణనల ఇళ్ల జాబితాలలో నేల పదార్థాన్ని మట్టి, కలప లేదా వెదురు, కాల్చిన ఇటుక, రాయి, సిమెంటు, మొజాయిక్ లేదా టైల్స్ అనే వర్గాలుగా నమోదు చేశారు. అయితే ఇంటికి ప్రధానమైన పదార్థం ఒక్కటే లెక్కకు వస్తుంది. ముందుగదిలో టైల్స్ ఉండి వంటిల్లు మట్టిదైతే, ఆ మట్టి గణాంకాలలో కనిపించదు. కనుక వంటింటి నేలకు నేలే సాక్ష్యం.

ముగింపు:

పురావస్తు తవ్వకాలలో ఒకదానిపై ఒకటి పడిన నేలల పొరలు కాలక్రమాన్ని సూచిస్తాయి. నివాసగృహానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. నేల పగలగొట్టే ముందు పొరల మందం, పొయ్యి స్థానం, రోలు గుంత, తూము దిశ నమోదు చేసి ఛాయాచిత్రాలు తీయడం ఒక పూటలో పూర్తయ్యే పని. ఆ నేలను అలికిన, కడిగిన స్త్రీల మాటలనూ దానితోపాటు సేకరించాలి. పగిలిన గచ్చును మళ్లీ వేయవచ్చు. ఆ తరంవారి అనుభవజ్ఞానాన్ని మాత్రం వారు ఉండగానే అడిగి తెలుసుకోవాలి. స్థానిక చరిత్ర పరిశోధకులు, కళాశాల విద్యార్థులు ఈ ప్రాంతంలో వెంటనే చేపట్టదగిన క్షేత్రపరిశోధన ఇది.