యాసంగి సేద్యం, గొంగడి: జహీరాబాద్ ప్రాంతంలో చలి రక్షణ చరిత్ర

తెలుగువారి వస్త్ర చరిత్ర ప్రధానంగా నూలు, పట్టుల చరిత్రగానే రచింపబడింది. ఉన్ని ప్రస్తావన వచ్చినచోట అది కాపరుల జీవనానికే పరిమితమైంది. చలిలో ఆరుబయట పనిచేసేవారు ఏమి కప్పుకొన్నారన్న ప్రశ్న నిజానికి సేద్య చరిత్రకు చెందినది. జహీరాబాద్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ.

1956 వరకు బీదర్ జిల్లాలో, ఆపై మెదక్‌లో, 2016 నుంచి సంగారెడ్డిలో భాగమైన ఈ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. కోహీర్ పరిసరాల్లో శీతాకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్‌కు దిగువన నమోదు కావడం అరుదు కాదు. అయినా ఇక్కడ చలికాలం విశ్రాంతి కాలం కాదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల నల్లరేగళ్లలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె పంటలు వానలు వెనుదిరిగాకనే ఎదుగుతాయి. నేలలో నిలిచిన తేమ, రాత్రి కురిసే మంచు వాటికి ఆధారం. నీరు పెట్టకుండానే పండే ఈ పంటలను స్థానిక రైతు మహిళలు ‘సత్యం పంటలు’ అంటారు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కృషితో ఈ మాట బయటివారికి పరిచయమైంది. పైరుకు ప్రాణమైన మంచే పనివారిని వణికిస్తుంది. శనగచేలో కూర గిల్లడం, జొన్నకు రాత్రి కావలి, కోతలు అన్నీ ఆ మంచులోనే సాగాలి.

కావలివాని రక్షణ గొంగడి. దక్కనీ గొర్రె నల్ల ఉన్నిని కురుమ స్త్రీలు వడికితే పురుషులు గుంటమగ్గంపై నేశారు. దారానికి చింతగింజల గంజి పట్టించడం వల్ల నేతకు బిగువు వచ్చేది. ఉన్నిపోగుల ముడతల మధ్య నిలిచే గాలి ఒంటి వేడిని బయటికి పోనీయదు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొన్నా ఉన్ని తడిగా తోచదు. మంచులో రాత్రి గడిపేవానికి ఈ గుణమే ముఖ్యం. గరుకుదనం నేటి కొనుగోలుదారుకు లోపంగా కనిపించవచ్చు గాని, ముళ్లకంపల మధ్య తిరిగేవానికి అదే మన్నిక. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అన్న సామెత ఆ గుడ్డ కప్పుకోవడానికే కాక పరచుకోవడానికీ పనికివచ్చిందని తెలుపుతుంది.

గొంగడిని కేవలం వస్త్రంగా చూస్తే అసలు సంబంధం కనిపించదు. కోత ముగిసిన చేలో గొర్రెల మంద పెట్టించిన రైతు కాపరికి గింజలిచ్చాడు. చేనికి ఎరువు దక్కింది. ఆ మంద ఉన్నే మళ్లీ చేలమీద చలిని ఆపింది. అంటే చలి రక్షణ కూడా పంటతోపాటు ఆ నేలలోనే పుట్టింది.

అయితే ఈ రక్షణ అందరికీ సమానంగా దక్కలేదు. గొంగడి భుజాన వేసుకోవడం ప్రధానంగా పురుషుల వేషం. దారం వడికింది స్త్రీ. తెల్లవారి మంచులో కూర గిల్లిందీ కలుపు తీసిందీ స్త్రీయే. ఆమెకు మిగిలినవి తలమీది కొంగు, ఇంట్లో పాతచీరల బొంత, చేనిగట్టున కందికట్టె మంట. జొన్నచొప్ప పశువుల మేత గనుక మంటకు దొరకదు. సరిగా చలి ముదిరే వేళకే కందికోత ముగిసి కట్టె చేతికి వస్తుంది. గద్దర్ వేషం ద్వారా గొంగడి పోరాట చిహ్నంగా ప్రసిద్ధమైంది. ఆ ప్రసిద్ధి సముచితమే, కాని దాని వెనుక వడికిన చేతులు మరుగున పడ్డాయి.

మాంసం గిరాకీ పెరిగి, ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో చేరిన కొద్దీ ఆ వలయం తెగింది. 2017లో ఆరంభమైన రాష్ట్ర గొర్రెల పంపిణీ పథకమూ మాంసోత్పత్తినే ముందుంచుకొన్నది. ఉన్నికి ధర లేకపోవడంతో కత్తిరించడమే కాపరికి ఖర్చుగా మారింది. మిల్లు రగ్గు చౌకగా దొరికింది, తేలిక కూడా. జహీరాబాద్ పరిసరాల్లో చెరకు నరికే కూలీలకైనా, జొన్నచేని కావలివారికైనా ఇప్పుడు చలి రక్షణ సంతలో కొనవలసిన సరుకే. ఉన్ని త్వరగా అంటుకోదు. సింథటిక్ దారం మాత్రం చలిమంట నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వకే కరిగి చిల్లు పడుతుంది.