అలసిన తల్లులు, ఆదరించిన సహవాసము

ధర్మవరము పేరులో ఒక తల్లి ఉన్నది. క్రియాశక్తి ఒడెయరు అచ్చట చెరువు కట్టించి, ఊరికి తన తల్లి ధర్మాంబ పేరు పెట్టెనని స్థలచరిత్ర చెప్పుచున్నది. హిందూపురమునకు మురారిరావు తండ్రి హిందూరావు పేరు వచ్చినది. పెనుకొండకు రాజుల జ్ఞాపకములు కొదువలేదు. 1565 తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజధాని అచ్చటికే తరలెను. అయితే ధర్మాంబ పేరిట ఉన్న ఆ చెరువు నీళ్ళు కడవలతో మోసిన తల్లులను గూర్చి ఎవరును వ్రాయలేదు. శతజయంతి సంచికలో దొరల పేర్లు, దేవాలయముల తేదీలు ఎట్లును ఉండును గనుక మేము ఈ తల్లులను గూర్చి వ్రాయదలచితిమి.

పెద్దలు ధాత కరువు అని చెప్పిన 1876–78 కరువు నాటికి మన తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. అనంతపురము 1882లో వేరు జిల్లా అయినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలుననెను. స్త్రీకి అంతకంటె తక్కువ. చంకబిడ్డకు పాలిచ్చుచు ఎండలో పనిచేసిన తల్లికి తక్కువ తిండి చాలునని ఏ లెక్కలో తేలినదో మాకు తెలియదు! మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ ఆ కూలిని గట్టిగా ఎదిరించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము దానిని పెంచవలసివచ్చెను.

ఆ 1876లోనే ఇంగ్లండులో ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ అను పల్లెలో పాదిరిగారి భార్య మేరీ సమ్నర్ అమ్మగారు తల్లులను కూడిక కొరకు పిలిచిరి. ఆమె పెద్ద కుమార్తెకు బిడ్డ పుట్టగా, తాను తొలుత తల్లి అయిననాటి కష్టము ఆమెకు జ్ఞాపకము వచ్చినదట. తీరా అందరు వచ్చిన తరువాత ఆమెకు నోరు పెగలలేదు. వచ్చే వారము రండని పంపివేసిరి. వారు మరల వచ్చిరి. ధనవంతురాలును కూలి మనిషియు ఒకే గదిలో కూర్చుండిరి. మదర్స్ యూనియన్ అట్లు పుట్టినది. ఆ మొదటి దినపు బెదురే మాకు ఎక్కువ ధైర్యమునిచ్చుచున్నది. మన కూడికలలో ప్రార్థన చేయుమనగానే తల వంచుకొను కోడలికి ఈ సంగతి తప్పక చెప్పవలెను.

మన సీమకు సువార్త వేరు దారిని వచ్చినది. లండన్ మిషను 1810లో బళ్ళారిలో పని ప్రారంభించెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత, వేరువేరు మిషనుల స్త్రీలు స్త్రీల మైత్రిలో ఒకటిగా కూడుకొనిరి.

ఆ కూడికకు వచ్చు తల్లి దినచర్య చూడుడి. ధర్మవరములో గుంటమగ్గము మీద మగవాడు కూర్చుండును. కండెలు చుట్టుట ఆడవారి పని. చీర వెల చెప్పునప్పుడు ఆ కండెల మాట రాదు. వంట, నీళ్ళు, బిడ్డ జ్వరము దానికి పైన. ఇట్టి తల్లితో “ఓర్చుకొనుము, ప్రార్థించుము” అని మాత్రము చెప్పి పంపుట సులభమే.

వాక్యములో దేవుడు అట్లు చేయలేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పండుకొనగా, దూత మొదట గద్దింపలేదు. రొట్టె, నీళ్ళు పెట్టెను. అతడు తిని మరల నిద్రపోయెను. రెండవసారి లేపినప్పుడును భోజనమే. ప్రయాణము మాట ఆ తరువాత. హాగరు తిత్తిలో నీళ్ళు అయిపోయి, బిడ్డ చచ్చుట చూడలేక దూరముగా కూర్చుండి ఏడ్చినప్పుడు దేవుడు ఆమెకు నీళ్ళ ఊట చూపెను. వానలు తక్కువైన మన సీమలో ఈ కథను వివరించి చెప్ప పనిలేదు.

కాబట్టి బాలింత ఇంటికి ప్రార్థనకు పోవు సహోదరీలు పాటల పుస్తకముతోపాటు అన్నపు గిన్నె కూడ తీసికొని పోవలెనని మా మనవి. ఒకరు బిడ్డను ఎత్తుకొనగా ఆ తల్లి ఒక గంట నిద్రపోవచ్చును. ప్రార్థన ఆమె లేచిన తరువాత చేయవచ్చును. కూడిక వేళ కూడ మగ్గము పని ముగిసిన తరువాత పెట్టుకొనవలెను. చంటిబిడ్డ ఏడ్చినంతమాత్రమున తల్లిని బయటికి పంపవద్దు. పాట కొంచెము గట్టిగా పాడుకొనవచ్చును.