ఉగ్గుగిన్నె చాలని చోట

పిల్లలకి తిండి పెట్టడం అనే ఒక్క పనికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఉగ్గు పోయడం, పాలు పట్టడం, బువ్వ తినిపించడం, గోరుముద్దలు పెట్టడం! ఇన్ని మాటలున్నా ఒక్క దాంట్లోనూ "ఎంత?" అన్న ప్రశ్న లేదు. ఎందుకుంటుంది? ఆ లెక్క తల్లిది కాదు, బిడ్డది. కడుపు నిండగానే మూతి తిప్పేస్తాడు, పెదాలు బిగించేస్తాడు. అప్పటికీ మనం వినకపోతే పెట్టిందంతా మన కొత్త చీర మీదకే ఊదేస్తాడు. "చాలు" అనే మాట నోటితో రాకముందే ఆ నోరే "చాలు" అని చెప్పేస్తుంది.

ఇదేదో నేను అమ్మమ్మల మాటగా చెప్పడం లేదు. అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరమ్మ దీన్ని పరీక్ష పెట్టి మరీ చూసింది. అప్పుడే పాలు మానిన పసివాళ్ల ముందు మసాలాలూ మిశ్రమాలూ లేని రకరకాల పదార్థాలు విడివిడిగా పెట్టించి, నర్సులు ఎవరూ "ఇది తిను, అది తిను" అనకూడదని కట్టడి చేసింది. 1928లో మొదటి ఫలితాలూ, 1939లో పదిహేనుమంది పిల్లల లెక్కా ప్రకటించింది. వాళ్లు తిన్న తీరు చూస్తే ఏ అత్తగారైనా గుండె బాదుకోవలసిందే. ఒక పూట ఒకటి, మరో పూట మరొకటి! అయినా అందరూ చక్కగా పెరిగారు. మంచి పదార్థాలే ముందు పెడితే చాలు, మిగతా లెక్క ఆ చిన్న పొట్టలు చూసుకున్నాయి.

మరి ఆ లెక్క చూసుకోలేని పిల్లల సంగతి? మింగలేని వాళ్లు, ఆకలే తెలియని వాళ్లు, పుట్టుకతోనే ఎదుగుదలలో లోపం ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకి ముక్కులోంచో, పొట్ట మీద చేసిన చిన్న రంధ్రంలోంచో ట్యూబు ద్వారా ఆహారం వెళ్తుంది. ట్యూబు నోటిని దాటి పోతుంది. నోటితోబాటు ఆ "చాలు"ని కూడా దాటి పోతుంది. ఇక ఎంత, ఎప్పుడు, ఏ పాళ్లలో అన్నదంతా పెట్టే చెయ్యే చూసుకోవాలి. ఆ చెయ్యి చాలాసార్లు తల్లిదే అవుతుంది. ట్యూబు చరిత్ర రాసినవాళ్లు ట్యూబు గురించే రాస్తారు గానీ, నాకు మాత్రం ఆ చెయ్యి నేర్చుకున్న కొలతల చరిత్రే పెద్దదనిపిస్తుంది.

ట్యూబు కథ 1790లో లండనులో ఒక మజిలీ చేసింది. పక్షవాతం వల్ల మింగలేకపోతున్న ఒక మనిషికి జాన్ హంటర్ అనే వైద్యుడు ఆహారం ఎలా అందించాడో వింటే ఒళ్లు జలదరిస్తుంది. పాములా ఉండే మలుగు చేప చర్మాన్ని గొట్టంలా వలిచి, తిమింగలం నోట్లో దొరికే వంగే పుల్లకు తొడిగి, గొంతులోంచి కడుపులోకి దింపాడు. పై కొసకి ఒక తిత్తి కట్టి, దాన్ని పిండుతూ గుడ్డుసొన, చక్కెర, పాలు, ద్రాక్షసారా లాంటివి పంపించాడు. ఆ మనిషి బతికాడు! కానీ ఆ తిత్తిలో ఎంత పోయాలన్నదానికి అప్పట్లో శాస్త్రమంటూ లేదు. చేతికొచ్చినంత, మనసుకి తోచినంత.

పొట్టకే దారి చేద్దామన్న ఆలోచన 1849లో స్ట్రాస్‌బర్గ్‌లో సెడిలో అనే సర్జను చేతికి వచ్చింది. ఆ రోగి దక్కలేదు. 1876లో పారిస్‌లో వెర్నయ్ అనే ఆయన చేసినప్పుడు రోగి దక్కాడు. ఆ పారిస్‌లోనే ప్రసూతి ఆస్పత్రిలో టార్నియే అనే డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి 1880ల్లో సన్నటి రబ్బరు గొట్టంతో పాలు పట్టించడం మొదలెట్టాడు. కోడిగుడ్లు పొదిగే వెచ్చని పెట్టెను చూసి, అలాంటిదే ఈ పిల్లల కోసం చేయించింది కూడా ఈయనే.

కొలత అన్న మాట ఇక్కడే మెల్లిగా ప్రవేశించింది. టార్నియే శిష్యుడు పియేర్ బుదాన్ 1892లో పారిస్‌లో పసిపిల్లల తల్లుల కోసం ఒక క్లినిక్ తెరిచాడు. తల్లులు పిల్లల్ని తెచ్చేవారు, తూకం వేసేవారు, కాగితం మీద రాసేవారు. పాలంగడిలో ఉండే త్రాసు పసిపిల్లల గదిలోకి వచ్చిందన్నమాట! 1898లో జర్మనీలో హాయిబ్నర్, రుబ్నర్ అనే ఇద్దరు ఒక పసివాడి రాబడి, ఖర్చుల లెక్క తీశారు. నెలల పిల్లలకి బరువులో ప్రతి కిలోకీ రోజుకి సుమారు 100 కాలరీలు కావాలన్న అంచనా ఆ కాలానిదే. తల్లి మనసుకి తోచినంత అన్నచోట మొదటిసారి ఒక అంకె నిలబడింది.

ఆ తరువాత ట్యూబు చాలా నాజూకయింది. 1979 జూన్ 12న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే డాక్టర్లు నాలుగున్నర నెలల పసికందుకి పొట్ట పెద్దగా కోయకుండానే ట్యూబు అమర్చారు. నోట్లోంచి లోపలికి దింపిన ఎండోస్కోపు దీపం చర్మం మీద వెలుగుగా కనిపించిన చోట చిన్న రంధ్రం! 1984లో గాడరరే చొక్కా బొత్తాములాంటి చిన్న బిరడా తెచ్చాడు. పిల్లలు దాన్ని చొక్కా కింద దాచుకుని ఆడుకోవచ్చు. దారి సమస్య చాలావరకు తీరింది. ఇక మిగిలింది ఆ పాత ప్రశ్నే. ఎంత?

"ఎంతేమిటి, ఎంత ఎక్కువైతే అంత మంచిది! బిడ్డ చిన్నగా ఉన్నాడు కదా" అంటారా? కథ మలుపు తిరిగింది ఇక్కడే.

1953లో అమెరికాలో సిల్వర్, 1954లో ఇంగ్లండులో రస్సెల్ ఒకరకం పిల్లల్ని వర్ణించారు. పుట్టుకతోనే చిన్న బిడ్డలు. విశాలమైన నుదురు, సన్నని గడ్డం, కొందరిలో శరీరం ఒక పక్క కొంచెం పెద్దది. చాలామందికి ఆకలే ఉండదు. ఈ రుగ్మతకి వాళ్లిద్దరి పేర్లే పెట్టారు. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి ఎన్ని మాటలు పడి ఉంటుందో నేను వేరే చెప్పాలా? "ఏం పెడుతున్నావమ్మా వీడికి?" అని చుట్టాలంటారు. చుట్టాలే కాదు, కారణం దొరకనప్పుడు పసివాడు ఎదగకపోవడాన్ని తల్లి ప్రేమలో లోపంగా చూసిన వైద్యం కూడా గత శతాబ్దంలో ఉండేది. 2005లో పారిస్ పరిశోధకులు ఈ పిల్లల్లో చాలామందికి అసలు కారణం చూపించారు. తండ్రి వైపు నుంచి వచ్చిన పదకొండో క్రోమోజోము మీద ఉండాల్సిన ఒక రసాయనిక గుర్తు చెదిరిపోయింది. అమ్మ వంటకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక కొలత సంగతి. ఈ పిల్లల ఒంట్లో కండ తక్కువ, అందుచేత వాళ్లకి కావలసిన కాలరీలు కూడా మనం అనుకున్నదానికంటే తక్కువే కావచ్చు. ట్యూబు చేతిలో ఉంది కదా అని బరువు కోసం నింపుతూ పోతే, పెరిగేది ఎత్తు కాదు, కొవ్వు. ఎముకల వయసు ముందుకు పరుగెత్తి, ఎదగడానికున్న కాలం తరిగిపోవచ్చు. పెద్దయ్యాక మధుమేహం లాంటి జబ్బులకీ దారి పడవచ్చు. 2017లో అనేక దేశాల వైద్యులు కలిసి అచ్చువేసిన సూచనల్లో ఈ పిల్లలకి అతిగా పెట్టవద్దనీ, ట్యూబు ఉన్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త అనీ స్పష్టంగా రాశారు. అంటే సన్నగా ఉండటమే ఆ బిడ్డకి క్షేమం! ఇది వినడానికి ఏ తల్లికైనా ఎంత కష్టమో ఊహించండి. బొద్దుగా ఉంటేనే బిడ్డ అని చెప్పే లోకంలో, పక్కింటావిడ కళ్ల ముందే "చాలు" అని ట్యూబు మూసెయ్యాలి.

అలాగని తగ్గిస్తూ పోతే అదీ ప్రమాదమే. ఈ పిల్లలకి ఎక్కువసేపు పొట్ట ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది, ముఖ్యంగా రాత్రిపూట. ఈ రాత్రి గండం గురించి వైద్యానికి పాఠం చెప్పింది మరో జబ్బు. కాలేయంలో దాచుకున్న చక్కెరని బయటికి తియ్యలేని పిల్లలుంటారు. పొట్ట పెద్దదిగా, మనిషి పొట్టిగా ఉంటారు. రెండు మూడు గంటలకొకసారి ఏదో ఒకటి పెట్టకపోతే చక్కెర పడిపోతుంది. ఆ ఇళ్లలో తల్లికి నిద్రెక్కడిది? 1976లో అమెరికా వైద్యులు ఇలాంటి పిల్లలకి రాత్రంతా ట్యూబు ద్వారా బొట్లు బొట్లుగా ఆహారం అందిస్తే చక్కెర నిలబడుతుందనీ, ఎదుగుదల కూడా మెరుగవుతుందనీ చూపించారు. 1984లో వచ్చిన కబురు ఇంకా విచిత్రం. మన వంటింట్లో సూపు చిక్కబడటానికి వేసే కార్న్‌ఫ్లోరుని పచ్చిగా చన్నీళ్లలో కలిపి ఇస్తే, అది నిదానంగా అరుగుతూ గంటల తరబడి చక్కెరని నిలబెడుతుంది. ఉడికించారా, ఆ గుణం కాస్తా పోతుంది! రస్సెల్, సిల్వర్ పిల్లల్లో కొందరికి కూడా రాత్రి గండానికి డాక్టర్లు దీన్ని వాడతారు. అయితే ఇందులోనూ పాళ్లు మించితే లావే. చదివాం కదా అని ఎవరూ సొంతంగా కలిపెయ్యకండి, బిడ్డ బరువునీ వయసునీ బట్టి డాక్టరు చెప్పాల్సిన లెక్క అది.

పాళ్ల మాట వచ్చింది గనక మన దేశం కథ ఒకటి. గంజి చిక్కగా ఉంటే చిన్న పొట్టకి భారం, ట్యూబుకైతే అడ్డం. నీళ్లు పోసి పల్చన చేస్తే దిగుతుంది గానీ దాంట్లో సత్తువేముంటుంది? బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ అనే ఆచార్యురాలు, 1980ల్లో అన్నప్రాశన వయసు పిల్లల కోసం ఈ చిక్కుముడినే పట్టుకున్నారు. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన ధాన్యం పిండి ఒక్క చిటికెడు కలిపితే చాలు, గరిట నిలబడే జావ కూడా పల్చగా జారుతుంది, కాలరీలు మాత్రం ఎక్కడికీ పోవు. మొలకెత్తిన గింజలోని ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టేస్తుంది కాబట్టి. మొలకరాగుల పిండి మన ఇళ్లలో ఎన్నాళ్ల నుంచో ఉన్నదే. దాని వెనక ఉన్న లెక్కని ఒక స్త్రీ తూచి చూపించింది.

ఇంత లెక్క ఉన్నా కాగితానికి ఎక్కనిది ఒకటుంది. ట్యూబుతో పెరిగే బిడ్డకి నోరు వాడుకలో లేకపోతే, తరువాత ముద్దంటేనే భయపడతాడు. అందుకే మింగడంలో ప్రమాదం లేనివాళ్లకి నాలికకి కాస్త రుచి తగిలించమంటారు, ఇంట్లో అందరూ తినే వేళకి పక్కన కూర్చోబెట్టుకోమంటారు. వాడు కంచంలో వేళ్లు పెట్టి కెలికినా కెలకనివ్వాలట.

మలుగు చేప చర్మం నుంచి బొత్తాము దాకా రావడానికి దాదాపు 200 ఏళ్లు పట్టింది. ఎక్కువ పెట్టడమే ప్రేమ కాదని తెలుసుకోవడానికి కూడా అంతే కాలం పట్టింది. మూతి తిప్పలేని బిడ్డ తరఫున, మనసు ఒప్పుకోకపోయినా లెక్క చూసుకుని "చాలు" అనే తల్లిని ఎక్కడైనా చూస్తే, దయచేసి "ఇంకొంచెం పెట్టమ్మా" అనకండి. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడ ఎంత చదువుకుందో!