కుంపటి మీద గాజుగిన్నె

గడచిన సంక్రాంతికి మేము తాడేపల్లిగూడెములో బంధువుల ఇంట ఉంటిమి. కనుమనాటి సాయంకాలము పిల్లలందరు మేడమీద చేరి బొగ్గులు రాజవేసిరి. నాలుగు కాళ్లమీద నిలిచిన ఇనుపతొట్టి, దానిపై చువ్వల పలక. వారు దానిని గ్రిల్లు అనిరి. మా కంటికి అది ఎత్తు పెరిగిన కుంపటి. కొల్లేటి కొరమీను ముక్కలకు కారము, ఉప్పు, అల్లము పట్టించి, గూడెము బజారు ఉల్లిపాయలు చక్రములుగా తరిగి, అన్నిటిని ఒక గాజుగిన్నెలో సర్ది చువ్వలమీద పెట్టిరి. ఆ గిన్నె ఇంటిలోని ఓవెనులో ఎన్నోమారులు కాలినదే. కనుక ఎవరికిని అనుమానము కలుగలేదు.

పది నిమిషములు ఏమియు జరుగలేదు. అడుగు మాడుచున్నదని ఒక అబ్బాయి చెంబుతో కొంచెము చన్నీళ్లు పోసెను. తుపాకి ప్రేలినట్లు చప్పుడు వినవచ్చినది. గిన్నె ముక్కలై నిప్పులలో కూలెను. ఒక పెంకు ఐదేండ్ల పిల్ల పాదమునకు జానెడు దూరములో పడెను. ఎవరికిని గాయము కాలేదు; అది మా అదృష్టము. చప్పుడు విని పైకి వచ్చిన పెద్దత్తయ్యగారు నిప్పులవంక చూచి, "లాంతరు చిమ్నీ మీద చినుకు పడితే ఏమవుతుందో మీరెవరూ చూడలేదు నాయనా, అందుకే ఇలా చేశారు" అనిరి.

ఆ రాత్రి మాకు ఆ మాట విడువలేదు. పిమ్మట పుస్తకములు తిరుగవేయగా, ఆమె యథాలాపముగా అన్న మాటలోనే నిప్పుకోర్చు గాజు చరిత్ర అంతయు ఇమిడియున్నదని తెలిసినది. దానిని పాఠకులతో పంచుకొనుటకే ఈ ప్రసంగము.

ముందుగా మన కుంపటిని, దానిమీద కూర్చున్న పాత్రలను తలచుకొందము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లములో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటితో నిండి, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పోవు సరస్సు కొల్లేరు. దాని లంక గ్రామములలో చేపల పులుసునకు మట్టి దాకను మించిన పాత్ర లేదని నేటికిని చెప్పుదురు. కుమ్మరి మట్టిలో ఇసుక కలిపి త్రొక్కును. సారెమీద తీసి, ఎండబెట్టి, ఆవములో కాల్చును. అట్లు కాలిన దాకకు ఒడలెల్ల సన్నని రంధ్రములు ఉండును. నిప్పు సెగకు ఎక్కడనైన సన్నని చీలిక పుట్టినను, అది ఒక ఇసుకరేణువునో ఒక రంధ్రమునో తాకి అక్కడనే ఆగిపోవును. కనుకనే పాతదాకకు వెంట్రుకవాసి బీటలు ఎన్ని ఉన్నను అది పులుసు కాచుచునే ఉండును. చూచుటకు మోటుగా నున్న ఆ గరుకుదనమే దానికి రక్ష.

ఇక బొగ్గులమీద కాల్పు వంటకమన్నచో, గోదావరి జిల్లాలవారికి క్రొత్త కాదు. దిబ్బరొట్టె ఎరుగని ఇల్లు ఈ సీమలో అరుదు. మినపపప్పు నానబెట్టి రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, మందమైన మూకుడులో నూనె వేసి, బెత్తెడు మందమున పిండి పోయుదురు. క్రింద కుంపటిలో సన్నని సెగ. పైన మూత, మూతమీద మరికొన్ని నిప్పులు. రెండు వైపులనుండి సమముగా వేడి తగిలి, అడుగు ఎర్రని పెచ్చుకట్టి, లోపల మెత్తగా ఉడుకును. పడమటి దేశములవారు ఓవెను కట్టి సాధించిన పనిని మన స్త్రీలు ఒక మూకుడు, ఒక మూత, గుప్పెడు నిప్పులతో సాధించిరి. ఇది సాధ్యమగుటకు కారణము ఇనుము గుణము. ఒకచోట తగిలిన వేడిని ఇనుము త్వరగా అంతట పంచుకొనును. గాజు పంచుకొనలేదు. ఇనుముతో పోల్చిన గాజులో వేడి ప్రాకుట ఎన్నో పదుల రెట్లు తక్కువ.

అయినను గాజు మనకు పరాయిది కాదు. ఆంధ్రదేశమున పురాతన బౌద్ధస్థలముల త్రవ్వకములలో గాజుపూసలు దొరికినవి. మన భాషలో ఆ పదార్థమునకును, ముత్తైదువ చేతి ఆభరణమునకును పేరు ఒక్కటే. కాని ఈ గాజు ఏనాడును పొయ్యిదరికి పోలేదు. చేతికి తొడుగుకొంటిమి, సీసాలో అత్తరు పోసికొంటిమి, పటమునకు అద్దముగా బిగించితిమి. నిప్పుతో దానికి మొదట పని పడినది కిరసనాయిలు దీపముతోనే.

లాంతరు వచ్చిన పిమ్మట, చీకటివేళ దోనెలలో తిరిగిన కొల్లేటి బెస్తలకును, వానలో పొలము గట్టున నడచిన రైతునకును, ఇంట చదువుకొన్న పిల్లలకును ఒక పాఠము తప్పక తెలిసినది. వెలుగుచున్న చిమ్నీమీద నీటిబొట్టు పడెనా, టప్పున పగులును. కారణము సులభము. వేడికి గాజు వ్యాకోచించును, చలికి సంకోచించును. లోపలివైపు మంటకు సాగియుండగా, వెలుపల చినుకు పడినచోట గాజు ఒక్కసారిగా ముడుచుకొన జూచును. ఒకే పలకలో ఒక భాగము సాగుచు, వేరొక భాగము ముడుచుకొనుచు ఉన్నచో ఆ గుంజాటమునకు గాజు ఓర్వలేదు. ఇనుమువలె వంగదు, దాకవలె చీలికను ఆపుకొనలేదు. పగులుటయే దానికి తెలిసిన దారి. కనుక గాజునకు శత్రువు వేడి కాదు; వేడిలోని తేడా.

ఈ చిక్కును విప్పినవారిలో ప్రథముడు జర్మనీ దేశస్థుడగు ఆటో షాట్. ఆయన 1884లో యేనా పట్టణమున గాజు ప్రయోగశాల నెలకొల్పెను. మామూలు గాజు ఇసుక, సోడా, సున్నము కరగించి చేసినది. దానిలో షాట్ బోరాను చేర్చి చూచెను. కంసాలులు బంగారము అతుకుటకు వాడు వెలిగారములో ఉండునది ఈ బోరానే. 1890ల ఆరంభమునకు, వేడికి బహుస్వల్పముగా మాత్రమే వ్యాకోచించు గాజు సిద్ధమైనది. దానినే నేడు బోరోసిలికేటు గాజు అందుము. అది మొదట రసాయనశాలల పాత్రలకును, గ్యాసుదీపముల చిమ్నీలకును ఉపయోగపడినది.

రెండవ ఘట్టము రైలుదారిమీద జరిగినది. మన సీమలో ఏలూరు, తాడేపల్లిగూడెములమీదుగా తూర్పుతీరపు రైలుమార్గము పడినది 1890లలోనే. విద్యుద్దీపములు రాకపూర్వము ప్రపంచమంతట రైళ్లకు రాత్రివేళ దారిచూపినవి నూనెలాంతరులు. అమెరికాలో మంచు, చలివానలు అధికము. లోపల మంట, వెలుపల మంచు తగిలి లాంతరు గాజు పగిలిన యెడల ఎర్ర వెలుగు ఆరిపోవును. ఎర్ర వెలుగు ఆరినచో రైలు ఆగదు. కనుక అచ్చటి కార్నింగ్ గాజు కర్మాగారములోని శాస్త్రజ్ఞులు దీనికి పూనుకొని, పగులని లాంతరు గాజును తయారుచేసిరి. అది ఎంత గట్టిదనగా, పగిలినవానికి బదులు క్రొత్తవి కొనువారు తగ్గి, కర్మాగారమునకు వ్యాపారమే సన్నగిల్లినది. అంత మంచి గాజును వేరే దేనికి వాడవలెనన్న చింత అచటివారికి కలిగినది.

సమాధానము ఒక వంటయింటినుండి వచ్చినది. కార్నింగ్‌లో పనిచేయు జెస్సీ లిటిల్‌టన్ అను భౌతికశాస్త్రజ్ఞుని భార్య బెస్సీ లిటిల్‌టన్. ఆమె ఓవెనులో పెట్టుకొను మట్టిపాత్ర 1913లో పగిలినది. బదులుగా కర్మాగారమునుండి ఏదైన తెచ్చి ఇమ్మని భర్తను కోరగా, ఆయన గాజు బ్యాటరీ జాడీల అడుగుభాగములను కోయించి తెచ్చెను. ఆమె వానిలో కేకు కాల్చినది. కేకు సమముగా కాలినది, గిన్నె చెక్కుచెదరలేదు. లాంతరు గాజులో సీసము ఉండుటచే అది ఆహారమునకు తగదు. సీసము లేని మిశ్రమము సిద్ధపరచి, 1915లో పైరెక్స్ అను పేరుతో గిన్నెలు అమ్మకమునకు పెట్టిరి. మన దేశమున బోరోసిల్ సంస్థ 1962లో, అదే కార్నింగ్ సహకారముతో ఆరంభమైనది. మన కళాశాలల ప్రయోగశాలలలో బీకర్లుగా పరిచయమైన గాజు, మైక్రోవేవు ఓవెనుల వెంట మన వంటయిళ్లకు చేరినది.

ఇచ్చట పాఠకులు ఒక విషయము గుర్తింపవలెను. బెస్సీ లిటిల్‌టన్ ఆ జాడీని ఓవెనులో పెట్టినదే కాని, నిప్పులమీద పెట్టలేదు. ఓవెనులోని వేడి గాలి గిన్నెను అన్నివైపులనుండి సమముగా చుట్టుకొనును. ఆ వేడి సాధారణముగా 180 నుండి 220 డిగ్రీల సెంటిగ్రేడు వరకే. కుంపటి సంగతి వేరు. ఎర్రగా కాలిన బొగ్గు 600 డిగ్రీలు దాటును. విసనకర్ర ఆడించినచో ఇంకను పెరుగును. గిన్నె అడుగున ఒకచోట నిప్పుకణిక, వేరొకచోట బూడిద, అంచులకు చలిగాలి. ఈ తేడాయే ఆనాటి చిమ్నీని పగులగొట్టిన తేడా.

పేరు చూచి మోసపోవుటయు కలదు. గాజుగిన్నెలన్నియు ఒక జాతివి కావు. మీటరు పొడవుగల మామూలు సోడాగాజు కడ్డీని 100 డిగ్రీలు వేడిచేసినచో సుమారు 0.9 మిల్లీమీటరు పెరుగును. బోరోసిలికేటు కడ్డీ 0.33 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. కార్నింగ్ సంస్థ 1998లో తన వంటపాత్రల శాఖను అమ్మివేసినది. నేడు పైరెక్స్ పేరుతోనే అమెరికాలో తయారగు గిన్నెలు గట్టిపరచిన సోడాగాజువి. ఐరోపాలో తయారగునవి బోరోసిలికేటువి. ఇద్దరు అమెరికా పరిశోధకులు 2012లో లెక్కకట్టి, హఠాత్తుగా కలుగు తేడాను సోడాగాజు సుమారు 55 డిగ్రీలవరకు, బోరోసిలికేటు సుమారు 180 డిగ్రీలవరకు తట్టుకొనగలవని చెప్పిరి. మేలిరకపు గాజునకు సైతము 180 ఎక్కడ, నిప్పుకణికయొక్క 600 ఎక్కడ? గట్టిపరచిన గాజునకు ఇంకొక స్వభావము ఉన్నది. దాని పైపొరను బిగువుగా నొక్కియుంతురు. అందుచే దెబ్బలకు ఓర్చును. కాని ఆ బిగువు ఒకచోట తెగినచో గిన్నె అంతయు ఒక్కసారిగా ముక్కలగును.

కావున మేము తెలిసికొన్నది ఇది. ఓవెనుకు తగిన గాజుగిన్నెను కుంపటిమీద గాని, గ్రిల్లు చువ్వలమీద గాని, గ్యాసుమంటమీద గాని పెట్టరాదు. నిప్పు చిన్నది కదా, చువ్వలు ఎత్తుగా నున్నవి కదా యను సమాధానము చాలదు. బొగ్గులమీదికి ఇనుప మూకుడు, మందపు సత్తుపాత్ర, లేక కుమ్మరి దాక వాడవలెను. వండినది కొంచెము చల్లారిన పిమ్మట గాజుగిన్నెలోనికి తీసి వడ్డించుకొనవచ్చును. ఓవెనునుండి తీసిన గాజుగిన్నెను తడిగట్టుమీద దింపరాదు. పొడిగుడ్డమీదనో చెక్కపీటమీదనో దింపవలెను. వేడిగిన్నెలో చన్నీళ్లు పోయరాదు. గీతలు పడిన గిన్నెను, అంచు పెచ్చూడిన గిన్నెను వేడికి దూరముగా నుంచవలెను. ఒకవేళ నిప్పులమీద పగిలినచో, నీళ్లు చల్లక, పిల్లలను దూరముగా పంపి, నిప్పులు చల్లారువరకు ఆగి, బూడిదతోకూడ పెంకులను ఎత్తివేయవలెను. అందులోని కూర ఎంత రుచియైనదైనను పారవేయవలసినదే.

ఈ జాగ్రత్తలన్నియు మన పెద్దలకు వేరుగా చెప్పవలసిన పని లేకుండెను. ప్రతి ఇంట లాంతరు ఉండెను. ఏడాదికి రెండు చిమ్నీలైన పగిలెను. ప్రతి పగులు ఒక పాఠమయ్యెను. విద్యుద్దీపము వచ్చి లాంతరును అటకెక్కించినది. మంచిదే. కాని లాంతరుతోపాటు అది నేర్పిన పాఠముకూడ అటకెక్కినది. ఇప్పుడు కుంపటి క్రొత్తపేరుతో మేడమీదికి తిరిగివచ్చినది, గాజు క్రొత్తరూపమున గిన్నెయై వచ్చినది. ఆ రెంటికి పడదని చెప్పుటకు నడుమ లాంతరు లేదు.

మరునాటి ఉదయము పెద్దత్తయ్యగారు ఆ కుంపటినే శుభ్రము చేయించి, బూడిదలో గాజుపెంకు మిగలలేదని తానే వ్రేలితో కాక పుల్లతో కెలికి చూచుకొని, సన్నని సెగ పెట్టించిరి. పాత ఇనుపమూకుడు దించి, మినపపిండి పోసి, మూతమీద నాలుగు నిప్పులు వేసిరి. ముప్పావుగంట తరువాత రొట్టె దిగినది. ముందునాడు చన్నీళ్లు పోసిన అబ్బాయి మూకుడు పట్టుకొని, దీనిలో నీళ్లు పోసిన ఏమగునని అడిగెను. "రొట్టె పాడవుతుంది, అంతే" అని ఆమె నవ్విరి.