వృత్తి ఎంపికకు లెక్కల పట్టిక: సరిహద్దు గ్రామాల విద్యార్థులకు మార్గదర్శిని

పదవ తరగతి లేక పన్నెండవ తరగతి తరువాత ఏ చదువు చదవాలి, ఏ వృత్తిలో స్థిరపడాలి అన్న ప్రశ్నకు కావలసిన వివరాలను సేకరించి, పట్టికగా అమర్చి, రేఖాచిత్రాలుగా గీసి పోల్చి చూడడమే వృత్తి పరిశోధన. పొరుగింటి అబ్బాయి చేరిన కోర్సులోనే తమ బిడ్డనూ చేర్చడం, ప్రకటనలో కనబడిన జీతాన్ని చూచి అప్పు చేయడం వంటి పొరపాట్లను ఈ పద్ధతి చాలవరకు నివారిస్తుంది. వేలూరు, కాట్పాడి, గుడియాత్తం, పేర్ణాంబట్టు పరిసర గ్రామాలలోని తెలుగు కుటుంబాలకు దీని అవసరం మరింత ఎక్కువ. ఇక్కడి విద్యార్థి ముందు రెండు రాష్ట్రాల విద్యావకాశాలు, రెండు రకాల నిబంధనలు ఉన్నాయి.

పట్టిక, రేఖాచిత్రం: కొద్దిపాటి చరిత్ర

అంకెలను కమ్మీ రేఖాచిత్రంగా చూపే పద్ధతిని విలియం ప్లేఫేర్ 1786లో ప్రచురించిన గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు. వృత్తరేఖాచిత్రం 1801 నాటి ఆయన గ్రంథంలో కనిపిస్తుంది. కంప్యూటరుపై లెక్కల పట్టిక, అనగా స్ప్రెడ్‌షీట్, 1979లో వచ్చిన విసికాల్క్‌తో ప్రసిద్ధి పొందింది. ఎక్సెల్ 1985లో వెలువడింది. లిబ్రె ఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ ఉచితంగా లభిస్తాయి. గూగుల్ షీట్స్ సెల్ ఫోనులోనూ పనిచేస్తుంది. ఇవేవీ అందుబాటులో లేనివారు గళ్ళ నోటు పుస్తకంలోనూ ఇదే పని చేయవచ్చును.

మొదట ఊరి చుట్టూ చూడడం

పట్టికలో మొదటి వరుసలు దూరదేశపు ఉద్యోగాలతో నిండనవసరం లేదు. గుడియాత్తం ప్రాంతం చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు పేరు పొందినది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలో తోలు పరిశ్రమ ఉన్నది. రాణిపేటలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఉన్నది. వేలూరులో ఐడా స్కడర్ 1900లో చిన్న చికిత్సాలయంగా ఆరంభించిన సంస్థ నేడు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. 1984లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన సంస్థ నేడు వి.ఐ.టి. విశ్వవిద్యాలయం. ఆసుపత్రి అనగానే వైద్యుడు, నర్సు మాత్రమే గుర్తుకు వస్తారు. కాని ప్రయోగశాల సాంకేతిక నిపుణులు, ఎక్స్-రే నిపుణులు, మందుల నిపుణులు, రికార్డుల సిబ్బంది, పరికరాల మరమ్మతు చేసేవారు కూడా అక్కడ పనిచేస్తారు. వీటిలో ప్రతి ఒక్కటీ పట్టికలో ఒక ప్రత్యేకమైన అడ్డు వరుస కావాలి.

నిలువు వరుసలలో ఏమి వ్రాయాలి?

1. వృత్తి పేరు
2. దానికి కావలసిన చదువు, ఎన్ని సంవత్సరాలు
3. ప్రవేశ విధానం: మార్కులా, ప్రవేశ పరీక్షా
4. ఫీజు, హాస్టలు, ప్రయాణం కలిపి ఏడాది ఖర్చు
5. చేరిన మొదటి ఏడాది జీతం
6. పని దొరికే ఊళ్ళు
7. కావలసిన భాషలు
8. ఏ రాష్ట్రపు అర్హత, ఏ తరగతి నుండి
9. వివరం ఎక్కడ లభించింది, ఏ తేదీన

మొదటి ఆరింటిని ఏ ఊరి విద్యార్థి అయినా వ్రాస్తాడు. ఏడు, ఎనిమిది సంఖ్యల వరుసలు సరిహద్దు గ్రామాలవారికి ప్రాణం వంటివి.

రాష్ట్రం అనే నిలువు వరుస

తమిళనాడులో ఇంజనీరింగ్ ప్రవేశాలకు 2007 నుండి రాష్ట్ర ప్రవేశ పరీక్ష లేదు. గణితానికి 100, భౌతికశాస్త్రానికి 50, రసాయనశాస్త్రానికి 50, మొత్తం 200కు లెక్కగట్టిన పన్నెండవ తరగతి మార్కులే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశ పరీక్ష వ్రాయాలి. అంతేకాక రాజ్యాంగంలోని 371-డి అధికరణం క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వును అనుసరించి అక్కడ 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారిని సాధారణంగా స్థానికులుగా పరిగణిస్తారు. చిత్తూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిది. కనుక గుడియాత్తంలో పన్నెండు వరకు చదివిన విద్యార్థి ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్కడ స్థానికుడు కాకపోవచ్చును.

తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో 6 నుండి 12 వరకు చదివినవారికి వైద్య విద్యలో 2020లోను, ఇంజనీరింగ్ మొదలగు కోర్సులలో 2021లోను 7.5 శాతం ప్రత్యేక కోటా ఏర్పడింది. ఇంజనీరింగ్‌లో ఈ కోటా క్రింద చేరినవారి ఫీజులను ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడు ప్రకటించారు. ప్రభుత్వ పాఠశాలలలో చదివి కళాశాలలో చేరిన బాలికలకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ పథకం 2022లోను, బాలురకు అటువంటి తమిళ్ పుదల్వన్ పథకం 2024లోను ప్రారంభమయ్యాయి. బిడ్డను ఏడవ తరగతిలో సరిహద్దు దాటించి వేరే బడిలో చేర్చే కుటుంబం ఈ అర్హతలను పోగొట్టుకొనవచ్చును. కాబట్టి ఈ నిర్ణయం పన్నెండులో కాదు, ఆరవ తరగతికి ముందే ఆలోచించవలసినది.

భాష సంగతీ అంతే. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి క్రమంగా తప్పనిసరి పాఠ్యాంశంగా చేసింది. 2021 డిసెంబరు ఉత్తర్వుతో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలలో తమిళ అర్హత పత్రం తప్పనిసరి అయింది. ఆ ఉద్యోగాలను కోరే తెలుగు విద్యార్థి తమిళం చదవడం, వ్రాయడం రెండూ గట్టిగా నేర్చుకొనాలి. కుల ధ్రువపత్రం విషయంలో కూడా రెండు రాష్ట్రాల జాబితాలు వేరు. ఒక రాష్ట్రంలో ఉన్న వర్గం రెండవ దానిలో అదే విభాగంలో ఉండాలని లేదు.

ఒక ఉదాహరణ లెక్క

క్రింది అంకెలు పద్ధతిని చూపుటకు ఊహించినవి మాత్రమే. పదవ తరగతి పూర్తి చేసిన ఇద్దరిని తీసుకొందాము. మొదటి విద్యార్థి ఏటా 15,000 ఖర్చుతో రెండేళ్ళు ఐ.టి.ఐ. చదివి, నెలకు 14,000 జీతంతో పనిలో చేరాడు. రెండవ విద్యార్థి ఏటా 10,000 ఖర్చుతో రెండేళ్ళు, ఏటా లక్ష ఖర్చుతో నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదివి, నెలకు 25,000 జీతంతో చేరాడు.

ఎనిమిది సంవత్సరాల చివర మొదటివాని సంపాదన 10,08,000. ఖర్చు 30,000 తీసివేయగా నికరం 9,78,000. రెండవవాని సంపాదన 6,00,000. ఖర్చు 4,20,000 తీసివేయగా నికరం 1,80,000. తేడా 7,98,000. ఆపై రెండవవాడు ఏటా 1,32,000 చొప్పున ఎక్కువ సంపాదిస్తాడు కనుక తేడా తీరుటకు ఇంచుమించు ఆరేళ్ళు పడుతుంది. అనగా పదవ తరగతి తరువాత సుమారు 14 సంవత్సరాలకు ఇద్దరూ సమానమవుతారు.

ఇప్పుడు ఎనిమిదవ నిలువు వరుసను చూడండి. రెండవవాని ఇంజనీరింగ్ ఖర్చు నాలుగు లక్షలను ప్రభుత్వం భరించినట్లయితే తేడా 3,98,000 మాత్రమే. అది మూడేళ్ళలో తీరుతుంది. మరొక మార్పు: ఇంజనీరింగ్ తరువాత దొరికిన జీతం కూడా 14,000 మాత్రమే అయితే ఆ తేడా ఎన్నటికీ తీరదు. అప్పు తెచ్చిన కుటుంబం వడ్డీని కూడా ఖర్చులో కలుపవలెను. ఒక గడిలోని అంకె మార్చగానే తక్కిన లెక్క తానే మారడం స్ప్రెడ్‌షీట్ వలన కలిగే పెద్ద ప్రయోజనం.

సగటు చేసే మోసం

ఒక కళాశాలలో పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకొందాము. తొమ్మిదిమందికి 15,000, ఒకరికి 1,50,000. సగటు 28,500. కాని ఆ జీతం పొందినవాడు పదిమందిలో ఒక్కడూ లేడు. జీతాలను చిన్నది నుండి పెద్దది వరకు వరుసగా అమర్చి నడుమ ఉన్న విలువను తీసుకొంటే, అనగా మధ్యగతం చూస్తే, 15,000 వస్తుంది. ఎవరైనా "అత్యధిక జీతం" గురించి చెప్పినప్పుడు, మధ్యగతం ఎంత, మొత్తం ఎంతమందిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని అడగాలి. ఉద్యోగం రానివారిని ఆ లెక్కలో చేర్చారా లేదా అనేది కూడా ముఖ్యమే.

ఏ చిత్రం దేనికి?

వృత్తుల జీతాలను, ఖర్చులను పక్కపక్కన పోల్చుటకు కమ్మీ రేఖాచిత్రం తగినది. పై ఉదాహరణలో వలె సంవత్సరాల వెంట నికర సంపాదన ఎలా మారుతుందో చూచుటకు గీత చిత్రం మేలు. రెండు గీతలు కలిసే చోటే సమానమయ్యే సంవత్సరం. ఏడాది ఖర్చులో ఫీజు ఎంత, హాస్టలు ఎంత అని చూపుటకు వృత్తరేఖాచిత్రం చాలును. కమ్మీ చిత్రంలో నిలువు అక్షం సున్నా నుండి మొదలు కావాలి. లేకుంటే చిన్న తేడా కొండంతగా కనబడుతుంది.

వివరాలు దొరికే చోట్లు

కేంద్ర ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీస్ 2015లో మొదలైంది. తమిళనాడు ప్రభుత్వపు నాన్ ముదల్వన్ 2022లో మొదలైంది. జాతీయ ర్యాంకింగ్ విధానమైన ఎన్.ఐ.ఆర్.ఎఫ్.కు విద్యాసంస్థలు సమర్పించే పత్రాలలో ఉద్యోగాలు పొందినవారి సంఖ్య, మధ్యగత జీతం ఉంటాయి. వీటితో పాటు ఆ వృత్తిలో ఉన్నవారినే కలిసి అడగడం ఉత్తమం. ఒక్కొక్క వృత్తికి కనీసం ఐదుగురిని అడిగి, పేర్లు వ్రాయకుండా అంకెలు మాత్రమే నమోదు చేయాలి.

ప్రభుత్వ ఉత్తర్వులు, ఫీజులు ఏటా మారవచ్చును. కనుక తొమ్మిదవ నిలువు వరుసలోని తేదీ పాతబడితే ఆ వరుసను మళ్ళీ సరిచూడాలి. పట్టిక పిల్లల ఇష్టాన్ని నిర్ణయించదు. ఇష్టమైన రెండు మూడు దారులలో ఏది తమ ఇంటికి మోయగలిగినదో, దానికి ఏ తరగతిలోనే సిద్ధపడాలో తల్లిదండ్రులకు, పిల్లలకు ఒకే కాగితంపై చూపుతుంది.