చంపిందెవరు, చంపించిందెవరు

1914 జనవరి 7, లండన్. కోవెంట్ గార్డెన్‌లోని కింగ్స్ హాల్లో ఒక హత్య కేసు విచారణ నడుస్తోంది. బోనులో ఉన్నది జాన్ జాస్పర్. చర్చిలో గాయక బృందానికి పెద్ద, నల్లమందు అలవాటున్నవాడు. సొంత మేనల్లుడు ఎడ్విన్ డ్రూడ్‌ను చంపాడన్నది అభియోగం. జడ్జి స్థానంలో భారీ విగ్రహం జి.కె. ఛెస్టర్టన్. జ్యూరీకి పెద్ద జార్జ్ బెర్నార్డ్ షా. ముద్దాయి తరఫు వకీలు జడ్జిగారి సొంత తమ్ముడు సెసిల్ ఛెస్టర్టన్. సాక్షులు ఒక్కొక్కరే వస్తున్నారు, వకీళ్లు నిలదీస్తున్నారు. ఇంతా చేసి ఆ ముద్దాయి గానీ, హతుడు గానీ ఒక్క పూట కూడా ఈ భూమ్మీద బతకలేదు. ఇద్దరూ చార్లెస్ డికెన్స్ చివరి నవలలోని పాత్రలు. విచారణ పెట్టించింది డికెన్స్ అభిమానుల సంఘం.

అభిమాన పాత్ర ఎందుకు పోయింది, ఎవరి వల్ల పోయింది అని రాత్రంతా తర్కించుకునే ప్రేక్షకులను చూసి ఇది ఈ కాలపు వెర్రి అనుకుంటాం. నూరేళ్ల కిందటే పెద్ద పెద్ద రచయితలు నల్ల కోట్లు వేసుకుని మరీ ఆ పని చేశారు.

డికెన్స్ ఈ నవలను 12 నెలసరి భాగాలుగా ప్లాన్ చేశాడు. మొదటిది 1870 ఏప్రిల్లో వచ్చింది. జూన్ 8న కూడా ఆయన దాని మీద పనిచేశాడు. ఆ సాయంత్రం పక్షవాతం వచ్చింది, మర్నాడు పోయాడు. రాసి మిగిల్చినవి 6 భాగాలు, అంటే సరిగ్గా సగం కథ. క్రిస్మస్ వేళ తుఫాను రాత్రి ఎడ్విన్ మాయమవుతాడు, శవం దొరకదు. మామ జాస్పర్‌కేమో మేనల్లుడికి చేసుకోవాల్సిన రోజా అనే పిల్ల మీద కన్నుంది. అనుమానం వేరే కుర్రాడి మీదికి మళ్లుతుంది. కొన్నాళ్లకు తెల్ల జుట్టు, నల్ల కనుబొమలతో డాచరీ అనే అపరిచితుడు ఊళ్లో దిగి జాస్పర్ మీద కన్నేసి ఉంచుతాడు. అతనెవరో చెప్పకుండానే కలం ఆగిపోయింది.

అంతే, పాఠకులు రంగంలోకి దిగారు. వాళ్లు పట్టుకున్న ఆధారాలు చూస్తే పోలీసు శాఖ సిగ్గుపడాలి. ఒకటి ఉంగరం. రోజాకు ఇమ్మని ఆమె సంరక్షకుడు ఎడ్విన్ చేతికి ఒక ఉంగరం ఇస్తాడు. కానీ ఆ పిల్లా పిల్లాడూ సామరస్యంగా మాట్లాడుకుని పెళ్లి మానుకుంటారు. కాబట్టి ఉంగరం ఎడ్విన్ జేబులోనే ఉండిపోతుంది. ఆ సంగతి జాస్పర్‌కు తెలియదు. నగల దుకాణదారు మాట ప్రకారం ఎడ్విన్ ఒంటి మీద ఉండేవి గడియారం, గొలుసు, చొక్కా పిన్ను మాత్రమే. సరిగ్గా ఆ గడియారమూ పిన్నూ తరవాత నదిలో దొరుకుతాయి. అంటే, శవాన్ని సున్నంలో పూడ్చేముందు హంతకుడు తనకు తెలిసినవన్నీ తీసి పారేశాడు, తెలియనిది మాత్రం వదిలేశాడు. సున్నం మాంసాన్ని తింటుంది గానీ బంగారాన్ని తినదు కదా! రెండోది మూర్ఛ. పెళ్లి ముందే రద్దయిందని ఆ సంరక్షకుడు చెప్పగానే జాస్పర్ కెవ్వున అరిచి కుప్పకూలిపోతాడు. చంపాల్సిన అవసరమే లేదని చంపాక తెలిసినవాడు పడే పాటు అది. ఒక్క ముక్క వ్యాఖ్యానం లేకుండా డికెన్స్ రాసిన ఆ ఘట్టం ముందు నేటి క్రైమ్ కథలు చాలామటుకు దిగదుడుపే.

అయినా అందరూ ఒప్పుకోలేదు. రిచర్డ్ ప్రోక్టర్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1887లో పుస్తకమే రాశాడు: ఎడ్విన్ చావలేదు, డాచరీ వేషంలో తిరిగొచ్చినవాడు అతనే అని. 1905లో కమింగ్ వాల్టర్స్ అనే ఆయన, కాదు, డాచరీ ఆడపిల్ల, అనుమానితుడి కవల సోదరి హెలీనా మారువేషం అన్నాడు. డాచరీ హోటల్లో దిగగానే వేయించిన చేప, దూడమాంసం కట్‌లెట్, ఒక పింట్ షెర్రీ తెప్పించుకుంటాడు. వేషం కట్టిన ఇరవయ్యేళ్ల పిల్ల అంత షెర్రీకి ఆర్డరివ్వడం నాకైతే మింగుడుపడదు. అదే ఏడాది, నవలకు బొమ్మలు వేసిన ల్యూక్ ఫైల్డ్స్ నోరు విప్పాడు. జాస్పర్ మెడకు రెండు చుట్లు తిరిగే పొడుగాటి గుడ్డ వేయమని డికెన్సే అడిగాడట, దానితోనే మేనల్లుడి గొంతు బిగిస్తాడు కాబట్టి. రచయిత మిత్రుడు, జీవితచరిత్రకారుడు ఫార్‌స్టర్ కూడా మామే హంతకుడని ముప్పయ్యేళ్ల ముందే రాసిపెట్టాడు. ఎవరు విన్నారు? వినకపోవడంలోనే ఉంది మజా.

కింగ్స్ హాల్ విచారణలో ప్రాసిక్యూషన్ వకీలు ఆ వాల్టర్సే. చివరికి షా లేచి, జ్యూరీ బయటికి వెళ్లనక్కర్లేదు, తీర్పు విరామ సమయంలోనే కుదుర్చుకున్నాం అన్నాడు. శవం లేదు, సాక్ష్యం చాలదు, అలాగని వదిలేస్తే రాత్రిళ్లు మన ప్రాణాలకు భరోసా లేదు. అందుకని మధ్యే మార్గంగా, హత్య కాని నరహత్య కింద దోషి! ఛెస్టర్టన్ ఏం తక్కువ తిన్నాడా? ఇది ఎవరికీ తేలని రహస్యమంటూ, తనను తప్ప హాల్లో ఉన్నవాళ్లందరినీ కోర్టు ధిక్కారం కింద జరిమానా కట్టమన్నాడు. ఆ ఆట ఇంకా ముగియలేదు. 1985లో న్యూయార్క్‌లో ఈ నవలను సంగీత నాటకంగా ఆడినప్పుడు హంతకుడెవరో ప్రతి రాత్రీ ప్రేక్షకులే ఓటేసి తేల్చేవారు. ఎవరు గెలిచినా పాడడానికి అనుమానితుల వేషాలు వేసిన నటులందరూ తమ తమ నేరాంగీకారపు పాటలు నేర్చుకుని సిద్ధంగా ఉండాల్సి వచ్చేది.

ఇక్కడే ఒక చిక్కుంది. పాత్ర చావుకు కథ లోపల ఒక కారణం, కథ బయట ఇంకో కారణం ఉంటాయి. లోపలిది అభిమానులు వెతికేది. బయటిది తరచు చప్పగా ఉంటుంది. షెర్లాక్ హోమ్స్‌నే తీసుకోండి. 1893 డిసెంబర్ స్ట్రాండ్ పత్రికలో, స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర ప్రొఫెసర్ మొరియార్టీతో పెనుగులాడి ఇద్దరూ పడిపోయారని వాట్సన్ రాశాడు. లోపలి హంతకుడు మొరియార్టీ. బయటి హంతకుడు ఆర్థర్ కానన్ డాయల్. ఆయన ఉద్దేశం మరీ మామూలుది: చారిత్రక నవలలు రాసుకోవాలి, ఈ డిటెక్టివ్ టైమంతా తినేస్తున్నాడు. శవం దొరకలేదన్న సంగతి ఆయన కంటే పాఠకులే బాగా గుర్తుపెట్టుకున్నారు. 1903లో హోమ్స్ బతికి రాక తప్పలేదు. వచ్చాక మళ్లీ పేచీ. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో రోనాల్డ్ నాక్స్ అనే కుర్ర మతాచార్యుడు, బైబిల్ పండితుల ధోరణిని వెక్కిరిస్తూ చదివిన వ్యాసంలో, తిరిగొచ్చాక జరిగిన కేసులన్నీ వాట్సన్ కల్పనలని తేల్చాడు. వెక్కిరింతగా మొదలైన ఆ పద్ధతినే తరవాతి అభిమానులు పూర్తి శ్రద్ధతో అందుకున్నారు.

టీవీ వచ్చాక బయటి కారణం మరీ బాహాటమైంది. అమెరికాలో సీబీఎస్ చానల్ ‘డల్లాస్’ సీరియల్ 1978లో మొదలైంది. టెక్సాస్ చమురు కుటుంబం, దాని పెద్ద కొడుకు జే.ఆర్. ఈవింగ్. భార్యను మోసం చేస్తాడు, తమ్ముణ్ణి తొక్కేస్తాడు, స్నేహితులకు మునిగిపోయే చమురు లీజులు అంటగడతాడు. అతని చిరునవ్వు చూస్తే మాత్రం పిల్లనిచ్చి పెళ్లి చేయాలనిపిస్తుంది. లారీ హాగ్మన్ అంత బాగా చేశాడు. 1980 మార్చి 21 రాత్రి, ఆఫీసులో ఒంటరిగా ఉన్న జే.ఆర్. మీద ఎవరో రెండుసార్లు తుపాకీ పేల్చారు. సీజన్ అయిపోయింది. కాల్చిందెవరో రాసినవాళ్లకే తెలియదు! చానల్ అదనంగా ఎపిసోడ్లు అడిగింది, కథ అప్పటికే చివరికొచ్చింది, ముందు కాల్చేద్దాం, ఎవరన్నది తరవాత చూద్దాం అనుకున్నారు.

ఆ ఎనిమిది నెలలూ అమెరికా, బ్రిటన్ జనం చేసిన దర్యాప్తు అంతా ఆ ఖాళీ చుట్టూ తిరిగింది. పిచ్చాసుపత్రికి పంపబోతున్నాడని తెలిసిన భార్య స్యూ ఎలెన్, దివాలా తీసిన బ్యాంకరు, బద్ధశత్రువు క్లిఫ్ బార్న్స్, వాడుకుని ఊరు వదిలి పొమ్మన్న మరదలు క్రిస్టిన్... ఉద్దేశం లేనివాళ్లను లెక్కపెట్టడమే సులువు. లండన్ బుకీలు పందేలు తీసుకున్నారు. లాస్ వెగాస్‌లో ఒక కాసినో పందేలు పెడితే, జవాబు ముందే తెలిసినవాళ్లుంటారని నెవాడా అధికారులు డబ్బు వాపసు ఇప్పించారు. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది కూడా. జే.ఆర్.ను కాల్చింది డెమోక్రాటేనని రిపబ్లికన్లు బ్యాడ్జీలు పంచారు. ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రం జే.ఆర్.దే. బ్రిటన్ రాజమాత కూడా తనను అడిగిందని, మీక్కూడా చెప్పనమ్మా అన్నానని హాగ్మన్ చెప్పుకునేవాడు. డికెన్స్ మర్యాద వేరు. కథ ముందుగా తెలుసుకోవాలనుంటే చెప్తానని విక్టోరియా మహారాణికి కబురు పంపాడు. ఆమె పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే కింగ్స్ హాల్లో విచారణ ఉండేది కాదు.

హాగ్మన్ మాత్రం ఆ వేసవిలో జీతం పెంచితేనే వస్తానని కూర్చున్నాడు. గాయాల కట్ల చాటున వేరే నటుణ్ణి దించుదామన్న మాట కూడా వచ్చింది. మన డైలీ సీరియళ్లు చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. నటుడు మానేస్తే గోడ మీద ఫొటోకి దండ పడుతుంది, లేదా కారు ప్రమాదం జరిగి కట్లు విప్పేసరికి మొహం మారిపోతుంది. ఇంట్లో అమ్మమ్మ క్షణం తడబడి, సరే వీడే వాడు అని ముందుకెళుతుంది. హాగ్మన్ అడిగింది దక్కించుకున్నాడు. నటుల సమ్మె వల్ల ఆలస్యమై, నవంబర్ 21న జవాబొచ్చింది: క్రిస్టిన్. ఆ రాత్రి అమెరికాలోనే 8 కోట్లకు పైగా జనం చూశారు. జవాబు పొక్కకుండా వేరే వేరే పాత్రలు కాల్చుతున్నట్టు కూడా తీసి పెట్టుకున్నారు. అంటే ఆ ఫిల్ము డబ్బాల్లో ఎంతమంది హంతకులుంటే అన్ని జవాబులూ నిజమే.

అదే సీరియల్ ఐదేళ్ల తరవాత హద్దు దాటింది. మంచి తమ్ముడు బాబీ వేషం వేసే పాట్రిక్ డఫీ మానేస్తానన్నాడు. 1985 మేలో బాబీని కారు గుద్ది చంపింది. రేటింగులు జారాయి, డఫీని బతిమాలి తెచ్చారు. 1986 మేలో బాబీ భార్య నిద్ర లేచి చూస్తే మొగుడు స్నానాల గదిలో షవర్ కింద నిలబడి ఉన్నాడు. ఏడాది కథంతా ఆమె కల! ఆ ఏడాది పాటు మనుషుల ఉద్దేశాలను ఓపిగ్గా పోగేసిన అభిమానులకు ఇంతకంటే అవమానం లేదు. ‘నాట్స్ ల్యాండింగ్’ అనే తోబుట్టువు సీరియల్ ఒకటుంది. అందులో బాబీ చావు చావుగానే ఉండిపోయింది. అంటే ఒకే చానల్లో, ‘డల్లాస్’ వచ్చే శుక్రవారం బతికున్న మనిషికి, ఇది వచ్చే గురువారం కర్మలైపోయాయి.

మన దగ్గర ఈ తరం చూసిన పెద్ద కేసు 2015 జులై 10న మొదలైంది. ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం చివర, రాజవంశానికి నమ్మినబంటైన కట్టప్ప, తానే బాహుబలిని చంపానని చెప్తాడు. ఎవరు చంపారన్నది దాచలేదు. ఎందుకు చంపాడన్నదే 2017 ఏప్రిల్ 28 దాకా, 21 నెలలకు పైగా, టీ బడ్డీల దగ్గరా ఎన్నికల సభల్లోనూ నలిగింది. రాజాజ్ఞ అన్నారు, ప్రతిజ్ఞ అన్నారు, బాహుబలే కోరి చంపించుకున్నాడన్నారు. ఈ ప్రశ్న మనవాళ్లకు అంత తేలిగ్గా పట్టుబడడం వింత కాదు. భారతం విన్న ఇంట పుట్టినవాడికి ఎవరు చచ్చారన్నది వార్త కాదు. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అన్న మాట అవ్వల నోట్లో ఉండనే ఉంది. కృష్ణుడు అర్జునుడితో అన్నట్టు ఒక చాటు పద్యం ఆ లెక్క కూడా తేల్చింది: నువ్వు, నేను, వరమడిగిన కుంతి, ఇంద్రుడు, భూదేవి, పరశురాముడు, ఆరుగురం కలిసి చంపామని. బాణం వేసిన అర్జునుడు ఆ జాబితాలో ఆరోవంతు ముద్దాయి మాత్రమే. 1977లో వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో ఎన్టీఆర్ కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే అయ్యాడు. దుర్యోధనుడి వాదనకు హాల్లో చప్పట్లు మోగాయి. ప్రతినాయకుడి ఉద్దేశాన్ని తెర మీద అంత ఓపిగ్గా విన్న ప్రేక్షకులకు కట్టప్ప కేసు చిటికెలో పని.

రెండో భాగంలో జవాబు వచ్చింది. భర్త బిజ్జలదేవుడు, కన్నకొడుకు భల్లాలదేవుడు పన్నిన ఉచ్చులో రాజమాత శివగామి పడింది. కట్టప్పను పిలిచి, నువ్వు చంపుతావా లేక నన్నే చంపమంటావా అంది. సింహాసనానికి బానిసగా కట్టుబడ్డ వంశం అతనిది, కత్తి దూశాడు. సినిమా అయ్యాక కట్టప్ప మీద ఎవరికీ కోపం లేదు. కేసు శివగామి మీదికి మళ్లింది. నిండు సభలో న్యాయం చెప్పిన ఆ తల్లి, పెంచిన కొడుకు విషయంలో ఒక్క సాక్షినీ పిలవలేదు, అతన్ని ఎదురుగా నిలబెట్టి ఒక్క మాటా అడగలేదు. నా మట్టుకు అసలు ముద్దాయి ఆవిడే. మా ఇంట్లో మాత్రం ఒప్పుకోరు. అంతసేపూ పక్కనే కూర్చుని చెవిలో ఊదిన బిజ్జలదేవుణ్ణి ఏ లెక్కన వదిలేశావంటారు.