లైన్ క్లియర్

మా నాన్న సింగిల్ లైను మీద ఓ చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టర్. ఆయన గదిలో నీల్స్ బాల్ టోకెన్ యంత్రం ఉండేది. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే అందులోంచి ఇనుప గుండు ఊడిపడేది. అది బయట ఉన్నంతసేపూ రెండు స్టేషన్లలో ఎక్కడా రెండో గుండు రాదు. దాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తపు రింగుకు తగిలించి పాయింట్స్‌మన్ డ్రైవరుకు అందించేవాడు. గుండు ఎవరి దగ్గరుంటే లైను వాళ్లది.

నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరునై, తీగల్లేని సెన్సర్లతో కుస్తీ పడుతున్నప్పుడు ఆ గుండే గుర్తొచ్చేది.

గాలిలో పట్టాలుండవు మరి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ మొదలుపెట్టింది. పద్ధతి తేలిక: చెప్పాలనిపిస్తే చెప్పెయ్యడం, ఢీకొంటే కాసేపాగి మళ్లీ చెప్పడం. ఈ తీరున ఎంత బాగా నడిచినా ఛానెల్‌లో దాదాపు 18 శాతానికి మించి పనికిరాదు. మిగతాదంతా ఖాళీగానో, సంతలో అరుపుల్లా ఒకదాని మీదొకటి పడో పోతుంది.

1990లలో బర్కిలీలో క్రిస్ పిస్టర్ ‘స్మార్ట్ డస్ట్’ అన్నాడు, దుమ్ము రేణువంత సెన్సర్లు చల్లుదామని. 2002లో అమెరికాలోని మెయిన్ తీరాన, గ్రేట్ డక్ దీవిలో, పెట్రెల్ పక్షుల బొరియల్లో బర్కిలీ, ఇంటెల్ పరిశోధకులు చిన్న సెన్సర్లు పెట్టారు. పక్షిని బెదరగొట్టకుండా దాని గూటి వెచ్చదనం తెలుసుకోవాలని. తేమ చేరి కొన్ని మూగబోయాయి. బ్యాటరీది ఇంకో బాధ. ఇలాంటి రేడియోకి మాట్లాడ్డానికెంత కరెంటో, చెవొగ్గి కూర్చోడానికీ ఇంచుమించు అంతే. అందుకని నిద్రపోవాలి. అందరూ నిద్రపోతే ఎవరు ఎప్పుడు లేవాలి?

జవాబు గడియారంలో ఉంది. కానీ చవక గడియారం పది లక్షల్లో ఇరవై వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా. కాబట్టి సెన్సర్లు పొరుగువాళ్లతో తరచూ టైము సరిచూసుకోవాలి. పిస్టర్, మిత్రులు పెట్టిన డస్ట్ నెట్‌వర్క్స్ కంపెనీ పట్టిన దారి ఇదే. తీగల్లేని సెన్సర్లకు 2007లో వచ్చిన వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణంలో కాలాన్ని 10 మిల్లీసెకన్ల గడులుగా కోశారు. ఏ గడిలో ఎవరు ఎవరికి చెప్పాలో ముందే రాసి ఉంటుంది. విన్నవాడు ఆ గడిలోనే ‘అందింది’ అనాలి. గడి మారితే ఛానెల్ మారుతుంది, ఒక పొరుగు పలక్కపోతే మరో పొరుగు ఉంటుంది. అచ్చం రైళ్ల టైంటేబులే.

దాని విలువ నాకు ఒక ట్యాంకు దగ్గర తెలిసింది. అంతకుముందు మేం వాడిన పాత సామానుకు లారీ అడ్డం నిలిస్తే కబురు ఆగిపోయేది. తెర మీద మాత్రం పాత అంకే కదలకుండా ఉండేది. ఆపరేటర్ అంతా బాగుందనుకునేవాడు. కొత్త సామాను వచ్చాక లారీ ఉన్నా కబురు ఇంకో దారిన వచ్చింది. రాని రోజున, రావలసిన వేళ దాటగానే తెర ఎర్రబడింది.

నాన్న రాత్రి డ్యూటీల్లో నాతో అనేవారు: “బండి లేటని చెబితే కునుకు తీయొచ్చురా. మోగాల్సిన వేళకు గంట మోగకపోతేనే లేచి కూచోవాలి.”